యూనిట్ 7: చదవడంలో వెనుకబడినవారికి విద్యా సాఫ్ట్‌వేర్

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 చదవడంలో ఎక్కడ ఆగిపోతారు?
7.3 తెలుగు లిపి, కంప్యూటరు లెక్క
7.4 సాఫ్ట్‌వేర్ చేయగలిగిన పనులు
7.5 కొన్ని ప్రయోగాలు, వాటి ఫలితాలు
7.6 సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం
7.7 ఇరవై నిమిషాల పాఠం
7.8 జాగ్రత్తలు
7.9 సారాంశం
7.10 కీలక పదాలు
7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు
7.12 జవాబులకు సూచనలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు

- ఒక పాఠకుడు చదవడంలో ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో గుర్తించగలుగుతారు;
- తెలుగు లిపి స్వభావం పఠనాన్ని, సాఫ్ట్‌వేర్ రూపకల్పనను ఎలా ప్రభావితం చేస్తుందో వివరించగలుగుతారు;
- పఠన సాఫ్ట్‌వేర్ చేయగలిగిన పనులను, చేయలేని పనులను వేరు చేసి చెప్పగలుగుతారు;
- వివిధ దేశాల్లో జరిగిన ప్రయోగాల ఫలితాలను పోల్చగలుగుతారు;
- ఒక అభ్యాసకుడికి తగిన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొని, దానితో చిన్న పాఠాన్ని నడపగలుగుతారు.

7.1 పరిచయం

మన దేశంలో గ్రామీణ ప్రాంతాల పిల్లలు ఎంతవరకు చదవగలుగుతున్నారో ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వేల ద్వారా అంచనా వేస్తోంది. సర్వే కార్యకర్తలు ఇంటికి వెళ్లి, పిల్లల చేతికి ఒక కాగితం ఇచ్చి చదివిస్తారు. 2024 సర్వే ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో మూడవ తరగతి చదువుతున్న పిల్లల్లో రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతం. అంటే కొంత మెరుగుదల ఉంది. కాని ఐదవ తరగతిలో కూడా అదే పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతం మాత్రమే. ఐదేళ్లపాటు బడికి వెళ్లిన పిల్లల్లో సగానికి పైగా రెండవ తరగతి పాఠం దగ్గరే తడబడుతున్నారన్న మాట.

దీని పర్యవసానం తెలుగు వాచకంతో ఆగిపోదు. మూడవ తరగతి దాటిన తరవాత లెక్కల ప్రశ్ననైనా, సామాన్యశాస్త్ర పాఠాన్నైనా చదివే తెలుసుకోవాలి. చదవడం రాని పిల్లవాడు లెక్క వచ్చినా ప్రశ్న అర్థంకాక తప్పు చేస్తాడు. క్రమంగా అతనికి "మొద్దు" అన్న పేరు వస్తుంది. ఆ పేరును అతనే నమ్మడం మొదలుపెట్టిన తరవాత బడి మానేయడానికి ఎక్కువ కాలం పట్టదు. జాతీయ స్థాయిలో 2021 జులైలో ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడవ తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థవంతంగా చదవగలగాలని లక్ష్యంగా పెట్టుకోవడానికి కారణం ఇదే. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే.

ఈ సమస్యకు సెల్‌ఫోను, టాబ్లెట్, కంప్యూటర్లలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఒక పరిష్కారంగా ముందుకు వచ్చింది. మీలో కొందరు ప్రైవేటు పాఠశాలల్లోనో, అంగన్‌వాడీ కేంద్రాల్లోనో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతూ ఉంటారు. కొందరు ఇంట్లో పిల్లల చదువు చూసుకుంటూ ఉంటారు. "ఈ యాప్ వేసుకుంటే పిల్లలకు చదవడం వచ్చేస్తుంది" అనే ప్రకటన మీ అందరి కంటా పడే ఉంటుంది. అది ఎంతవరకు నిజం? ఏ పరిస్థితుల్లో నిజం? ఈ యూనిట్‌లో మనం పరిశీలించే ప్రశ్నలు ఇవే.

7.2 చదవడంలో ఎక్కడ ఆగిపోతారు?

చదవడం ఒకే నైపుణ్యం కాదు. గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో ఒక సరళమైన సూత్రాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం చదివి అర్థం చేసుకోవడానికి రెండు శక్తులు కావాలి. ఒకటి, రాతను శబ్దంగా మార్చుకోగలగడం. రెండు, విన్న భాషను అర్థం చేసుకోగలగడం. ఈ రెండింటిని వారు కూడలేదు, గుణించారు. గుణకారంలో ఒక సంఖ్య సున్న అయితే ఫలితం కూడా సున్నే. అక్షరాలన్నీ తెలిసినా ఆ భాష రాని పిల్లవాడికి, భాష బాగా వచ్చినా అక్షరాలు రాని పిల్లవాడికి చివరికి మిగిలేది ఒకటే.

ఈ రెండు శక్తుల నడుమ ధారాళత అనే మెట్టు ఉంది. లబెర్జ్, శామ్యూల్స్ 1974లో దీన్ని వివరించారు. మన మనసు ఒక సమయంలో కొంత పనికి మాత్రమే శ్రద్ధ పెట్టగలదు. ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కుంటున్న పాఠకుడి శ్రద్ధంతా అక్షరాల మీదే ఖర్చవుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాడు. సైకిలు నేర్చుకునే రోజుల్లో హ్యాండిల్ మీద తప్ప దారి మీద దృష్టి నిలవదు కదా, అలాంటిదే ఇది. అక్షరాలను గుర్తించడం అలవాటుగా మారినప్పుడే శ్రద్ధ అర్థం వైపు మళ్లుతుంది.

కాబట్టి ఒక అభ్యాసకుడు "చదవలేడు" అని మీరు అన్నప్పుడు, వెంటనే "ఎక్కడ ఆగాడు?" అని ప్రశ్నించుకోవాలి. అసర్ సర్వేలో వాడే మెట్లు ఇందుకు ఉపయోగపడతాయి:

1. అక్షరాలు కూడా గుర్తించలేని దశ
2. అక్షరాలు గుర్తించే దశ
3. చిన్న పదాలు చదవగలిగే దశ
4. ఒకటవ తరగతి స్థాయి పేరా చదవగలిగే దశ
5. రెండవ తరగతి స్థాయి కథ చదవగలిగే దశ

తరగతి వేరు, మెట్టు వేరు. ఐదవ తరగతి విద్యార్థి రెండవ మెట్టు మీద ఉండవచ్చు. అతనికి ఐదవ తరగతి పాఠాన్ని తెర మీద రంగుల్లో చూపించినా ప్రయోజనం ఉండదు.

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి – 1
(సూచన: జవాబులను మీ నోటు పుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన సూచనలతో పోల్చుకోండి.)

అ) గాఫ్, టన్మర్ సూత్రంలో కూడిక కాకుండా గుణకారం ఎందుకు ఉంది?
ఆ) ధారాళత లేని పాఠకుడు అర్థాన్ని ఎందుకు కోల్పోతాడు?

7.3 తెలుగు లిపి, కంప్యూటరు లెక్క

పఠన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం మొదట ఇంగ్లీషు కోసమో, మరో యూరోపియన్ భాష కోసమో తయారైంది. వాటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు బొమ్మలు, మాటలు మారిస్తే చాలదు. లిపి స్వభావమే వేరు.

ఇంగ్లీషు పిల్లవాడు 26 అక్షరాలు నేర్చుకోవాలి. అవి తొందరగానే వస్తాయి. వాటి ఉచ్చారణ ఒక్కో మాటలో ఒక్కో రకంగా ఉండటం అక్కడి కష్టం. తెలుగులో ఇందుకు భిన్నంగా, రాసినదాన్ని దాదాపు రాసినట్టే పలుకుతాం. కాని నేర్చుకోవలసిన ఆకారాలు ఎక్కువ. ప్రతి హల్లుకూ గుణింతం ఉంది, దాని మీద ఒత్తులు ఉన్నాయి. ఇవన్నీ కలిస్తే ఆకారాలు వందల్లోకి చేరతాయి. తెలుగు లిపికి సోదరి వంటి కన్నడ లిపిలో పిల్లలు అక్షరాలు నేర్చుకునే తీరును సోనాలీ నాగ్ పరిశీలించారు. 2007లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం అక్షరాలు నేర్చుకోవడం ఒకటి రెండేళ్లలో ముగియదు, ప్రాథమిక తరగతుల్లో ఏళ్ల తరబడి సాగుతుంది. కాబట్టి మూడవ తరగతి పిల్లవాడు ఒత్తుల దగ్గర ఆగితే అది అతని తెలివితక్కువతనం కాదు. లిపి అడిగే కాలాన్ని మనం అతనికి ఇవ్వలేదని అర్థం.

ఒత్తుల్లో మరో చిక్కు ఉంది. "సూర్యుడు" అనే మాటను చూడండి. ఇందులో "ర్యు" అనే అక్షరంలో కొమ్ము "ర"ను అంటిపెట్టుకొని ఉంటుంది, యవత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ముందు ర్, తరవాత య్, చివర ఉకారం. "స్త్రీ"లో గుడిదీర్ఘం "స" తల మీద కూర్చుంటుంది, కాని దాని శబ్దం రవత్తు తరవాతే వినిపిస్తుంది. కంటికి కనిపించే వరస ఒకటి, నోటికి వచ్చే వరస మరొకటి. కూడబలుక్కునే పిల్లవాడు కనిపించిన వరసలో చదివి తప్పు చేయడం సహజం.

ఇప్పుడు కంప్యూటరు సంగతి చూద్దాం. యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు తెలుగు అక్షరాన్ని ముక్కలుగా, శబ్దం వరసలో దాచుకుంటుంది. "స్త్రీ" మనకు ఒకే అక్షరం. కంప్యూటరుకు అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. "సూర్యుడు" మనకు మూడు అక్షరాలు, కంప్యూటరుకు ఎనిమిది సంకేతాలు. తెలుగు లిపి గురించి ఆలోచించకుండా తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఈ సంకేతాలనే అక్షరాలుగా భావిస్తుంది. "మాటలోని అక్షరాలను వరసగా పేర్చు" అనే ఆటలో పొల్లును, కొమ్మును విడి ముక్కలుగా తెర మీద విసిరేస్తుంది. బడిలో పిల్లవాడు నేర్చుకున్న గుణింతానికి, తెర మీద కనిపించేదానికి పొంతన ఉండదు. మంచి తెలుగు సాఫ్ట్‌వేర్ "సూ – ర్యు – డు" అని విడగొట్టాలి. అవసరమైనప్పుడు "ర్యు"ను తెరచి, లోపలి ముక్కలను శబ్దం వరసలో వినిపించాలి.

అలాగే ప–వ, మ–య, ద–ధ వంటి పోలిక ఉన్న అక్షరాల జంటలు తెలుగులో ఉన్నాయి. అభ్యాసంలో ఇవి ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా చూసి, తేడా గమనించమని అడిగే సాఫ్ట్‌వేర్ పిల్లవాడికి నిజంగా మేలు చేస్తుంది.

7.4 సాఫ్ట్‌వేర్ చేయగలిగిన పనులు

నలభై మంది పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయుడికి సాధ్యంకాని కొన్ని పనులను సాఫ్ట్‌వేర్ సులభంగా చేస్తుంది.

విసుగులేని పునరావృత్తి: ఒక అక్షరాన్ని వందసార్లు వినిపించమన్నా వినిపిస్తుంది. అదే పేరాను మళ్లీ మళ్లీ చదవడం వల్ల ధారాళత పెరుగుతుందని శామ్యూల్స్ 1979లో చూపారు. తెర ముందు ఈ అభ్యాసం తేలిక.

వెంటనే స్పందన: పిల్లవాడు తప్పు చదివిన క్షణంలోనే సరైన రూపం వినిపిస్తుంది. పరీక్ష పేపరు దిద్ది ఇచ్చేదాకా ఆగనక్కరలేదు.

మెట్టుకు తగిన పాఠం: జవాబులను బట్టి తరవాతి పాఠాన్ని సులభంగానో, కష్టంగానో మార్చుకునే సాఫ్ట్‌వేర్‌ను అనుకూల సాఫ్ట్‌వేర్ అంటారు. ఒకే గదిలో ఐదుగురు ఐదు మెట్ల మీద ఉన్నా ఎవరి పాఠం వారికి అందుతుంది.

మాట వెంట చూపు: చదువుతున్న మాట రంగు మారడం వల్ల విన్న శబ్దానికీ చూసిన రాతకూ ముడిపడుతుంది. అహ్మదాబాద్‌లోని ఐఐఎమ్‌లో బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టిన ప్రయోగం ఈ సూత్రం మీద ఆధారపడిందే. సినిమా పాటల కింద అదే భాషలో పాట మాటలు వేసి, పాడుతున్నకొద్దీ రంగు మార్చడం ద్వారా టీవీ ప్రేక్షకులకు పఠనాభ్యాసం కల్పించవచ్చని ఆయన ప్రతిపాదించారు.

చాటు: దీన్ని చాలామంది గుర్తించరు. అందరి ముందూ తప్పు చదివి నవ్వులపాలైన పిల్లవాడు, వయోజనుడు మళ్లీ నోరు తెరవరు. యంత్రం నవ్వదు. ఇతరులకు చెప్పదు. సిగ్గుతో ఆగిపోయినవారికి ఇది మొదటి మెట్టు ఎక్కించగలదు.

కొన్ని సాఫ్ట్‌వేర్లు వినగలవు కూడా. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాక్ మోస్తో 1990లలో నడిపిన పరిశోధనలో, పిల్లలు పైకి చదువుతుంటే విని, తడబడిన చోట సాయం చేసే పఠన శిక్షక సాఫ్ట్‌వేర్ రూపొందింది. గూగుల్ సంస్థ 2019లో "బోలో" పేరుతో హిందీ, ఇంగ్లీషులలో ఇలాంటి యాప్‌ను మన దేశంలో విడుదల చేసింది. 2020లో "రీడ్ అలాంగ్" పేరుతో దాన్ని విస్తరించినప్పుడు తొమ్మిది భాషల్లో తెలుగు కూడా చేరింది.

7.5 కొన్ని ప్రయోగాలు, వాటి ఫలితాలు

7.5.1 బీరంగూడ

తెలుగువారు గుర్తుంచుకోదగిన ప్రయోగం 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో జరిగింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థను తొలినాళ్లలో నడిపించిన ఎఫ్. సి. కోహ్లీ చొరవతో, నిరక్షరాస్యులైన వయోజనులకు కంప్యూటరు సాయంతో తెలుగు చదవడం నేర్పారు. ఇందులో రెండు విశేషాలున్నాయి. ఒకటి, అ, ఆల నుంచి మొదలుపెట్టలేదు. వయోజనులకు నోటికి బాగా తెలిసిన మాటలను బొమ్మతో, శబ్దంతో చూపి, ఆ మాటలనుంచి అక్షరాలను విడదీసి చూపారు. రెండు, జాతీయ సాక్షరతా కార్యక్రమం అప్పటికే తయారుచేసిన వాచకాలనే ఆధారం చేసుకున్నారు. సుమారు 40 గంటల పాఠాలతో సరళమైన రాతను, దినపత్రికలోని తేలిక మాటలను చదివే స్థాయికి తీసుకురావడం లక్ష్యం. రాయడాన్ని కాక చదవడాన్నే ముందు పెట్టడం వల్ల కాలం కలిసివచ్చింది. తరవాత ఇది ఇతర భారతీయ భాషలకు విస్తరించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం: పాఠం కంప్యూటరు చెప్పినా, దాని పక్కన ఒక సహాయకుడు ఉన్నాడు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడే కానక్కరలేదు, అభ్యాసకులను కూర్చోబెట్టి, నడిపించి, మరునాడు మళ్లీ రప్పించే మనిషి చాలు.

7.5.2 గ్రాఫోగేమ్

ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో హైకి లుటినెన్ బృందం డిస్‌లెక్సియా మీద చేసిన సుదీర్ఘ పరిశోధన నుంచి గ్రాఫోగేమ్ పుట్టింది. శబ్దం విని, పైనుంచి రాలే అక్షరాల్లో సరైనదాన్ని పట్టుకోవడం ఈ ఆట సారాంశం. ఫిన్నిష్ భాషలో అక్షరానికీ శబ్దానికీ పొంతన ఎక్కువ కనుక ఆటకు, లిపికి చక్కగా కుదిరింది. తరవాత అనేక భాషల్లోకి వెళ్లింది. ఇంగ్లండ్‌లో దాని ఇంగ్లీషు రూపాన్ని బడుల్లో పరీక్షించినప్పుడు, ఆ ఆట ఆడిన పిల్లలకు, మామూలుగా చదువుకున్న పిల్లలకు మధ్య తేడా కనిపించలేదని 2018లో వెలువడిన మూల్యాంకన నివేదిక తెలిపింది.

మరి ఆట పనికిరానిదా? వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో వచ్చింది. మొత్తం మీద మాటలు చదవడంలో చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. కాని పెద్దవారు పిల్లలతో కూర్చుని, పలకరిస్తూ, పాల్గొన్న చోట మాత్రం మంచి ఫలితం కనిపించింది. సాఫ్ట్‌వేర్ అదే. తేడా పక్కనున్న మనిషిలో ఉంది.

7.5.3 ఢిల్లీ

కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం మైండ్‌స్పార్క్ అనే అనుకూల సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు 619 మందిలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంపికచేసి, బడి తరవాత నడిచే కేంద్రాలకు ఉచితంగా పంపారు. నాలుగున్నర నెలల్లో లాటరీలో ఎంపికైనవారు మిగిలినవారికంటే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందుకు వెళ్లారు. విద్యా పరిశోధనలో ఇవి పెద్ద ఫలితాలు. చాలామంది తమ తరగతి స్థాయికి ఎంతో దిగువన ఉన్నారు. సాఫ్ట్‌వేర్ వారిని వారి అసలు మెట్టు దగ్గర పట్టుకుంది. 90 నిమిషాల్లో సగం కంప్యూటరు ముందు గడిస్తే, మిగిలిన సగం చిన్న బృందంలో సహాయక బోధకుడితో గడిచిందన్నది మరచిపోకూడదు.

7.5.4 టాంజానియా

మనిషి తోడు చాలా తక్కువగా ఉన్న చోట ఏం జరుగుతుంది? గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీలో భాగంగా టాంజానియాలోని 170 గ్రామాల్లో సుమారు 3,000 మంది పిల్లలకు స్వాహిలి చదవడం నేర్పే టాబ్లెట్లు ఇచ్చారు. మొదట్లో ఒక్క స్వాహిలి మాటైనా చదవలేనివారు 90 శాతానికి పైగా ఉన్నారు. 15 నెలల తరవాత ఆ సంఖ్య సగానికి తగ్గింది. 2019లో వన్‌బిలియన్, కిట్‌కిట్ స్కూల్ బృందాలు బహుమతిని పంచుకున్నాయి. బడి లేని చోట ఇది గొప్ప మేలే. కాని మిగిలిన సగం ఇంకా ఒక్క మాటా చదవలేకపోయారన్నది కూడా అదే ఫలితంలో ఉంది.

ఈ నాలుగు అనుభవాలను కలిపి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. సాఫ్ట్‌వేర్ లిపికి తగినదై, అభ్యాసకుడి మెట్టుకు తగినదై, పక్కన ఒక మనిషి ఉన్నప్పుడు ఫలితం ఎక్కువ. ఈ మూడింటిలో ఏది తగ్గినా ఫలితం తగ్గుతుంది.

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి – 2

అ) కంప్యూటరు "స్త్రీ" అనే అక్షరాన్ని ఎలా దాచుకుంటుంది? దీనివల్ల పిల్లలకు వచ్చే ఇబ్బంది ఏమిటి?
ఆ) గ్రాఫోగేమ్ మీద వచ్చిన భిన్న ఫలితాలను మీరు ఎలా సమన్వయిస్తారు?

7.6 సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం

ఒక యాప్‌ను పిల్లల చేతికి ఇచ్చే ముందు అరగంట మీరే వాడి చూడండి. ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:

1. మాటను అక్షరాలుగా విడగొడుతోందా, సంకేతాల ముక్కలుగా చేస్తోందా? "సూర్యుడు", "ఆశ్చర్యం" వంటి మాటలతో పరీక్షించండి.
2. ఒత్తుల అభ్యాసం ఉందా? లేక గుణింతాల దగ్గరే ఆగిపోయిందా?
3. తప్పు చేసినప్పుడు సరైనదాన్ని చూపుతోందా? "తప్పు" అని మోగి ఊరుకుంటోందా?
4. ఊహించి నొక్కినా ముందుకు పంపుతోందా? అలా పంపితే నక్షత్రాలు వస్తాయి, చదువు రాదు.
5. మాటలు పిల్లలకు తెలిసినవేనా? తెలియని మాటను సరిగ్గా చదివినా అర్థం సున్నే.
6. ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తుందా?
7. వయోజనుడికైతే, పాఠం అతని గౌరవానికి తగ్గట్టు ఉందా? యాభై ఏళ్ల రైతుకు కుందేలు బొమ్మలతో చప్పట్లు కొట్టించడం అవమానమే. బస్సు బోర్డు, ఎరువుల బస్తా మీది రాత, బ్యాంకు కాగితం అతనికి తగిన పాఠాలు.

ప్రకటనల్లో "ఇంత శాతం పిల్లలు మెరుగుపడ్డారు" అని చూసినప్పుడు మరో ప్రశ్న వేయండి: అదే కాలంలో ఈ యాప్ వాడని పిల్లలు ఎంత మెరుగుపడ్డారు? రెండు నెలల్లో పిల్లలు ఎలాగూ కొంత ఎదుగుతారు. ఆ ఎదుగుదలను తీసివేసిన తరవాత మిగిలిందే సాఫ్ట్‌వేర్ ఫలితం. ఢిల్లీ అధ్యయనంలో లాటరీ పద్ధతిని అనుసరించడానికి కారణం ఇదే.

7.7 ఇరవై నిమిషాల పాఠం

ఐదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. "సూర్యుడు తూర్పున ఉదయించాడు" అనే వాక్యం ఇస్తే ఆమె "సూ... రు... డు" అని చదివి ఆగింది. యాప్ "తప్పు" అని చెబుతుంది. మీరు అంతకంటే ఎక్కువ చెప్పగలరు. ఆమెకు "సూ" వచ్చు, "డు" వచ్చు, రకారానికి కొమ్ము ఇస్తే "రు" అవుతుందనీ తెలుసు. రానిది యవత్తు ఒక్కటే. ఈ తేడా గుర్తించడమే బోధనకు పునాది. ఇక ఆమె పాఠాన్ని ఇలా నడపవచ్చు:

మొదటి 3 నిమిషాలు, నోటితో: తెర, పుస్తకం రెండూ లేకుండా "ధైర్యం, కార్యం, మర్యాద" అనే మాటలు పలికించండి. మూడింటిలో కలిసే శబ్దం ఏమిటని అడగండి.

తరవాతి 7 నిమిషాలు, సాఫ్ట్‌వేర్‌తో: యవత్తు ఉన్న పాఠాన్ని ఎంచుకోండి. ఆమె పక్కనే కూర్చోండి. ఊహించి నొక్కుతుంటే "ఎలా తెలిసింది?" అని అడగండి.

తరవాతి 7 నిమిషాలు, కాగితంతో: అవే మాటలున్న నాలుగైదు వాక్యాలను పెద్ద అక్షరాలతో మీరే రాసి, రెండుసార్లు చదివించండి. తెర మీద చదివినది కాగితం మీద చదవలేకపోతే నేర్చుకున్నది ఆట మాత్రమే, చదవడం కాదు.

చివరి 3 నిమిషాలు, మాటతో: చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పమనండి. తేదీ, చదివిన మాటలు, ఆగిన చోటు ఒక నోటు పుస్తకంలో రాయండి.

వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు ఇలా చేసి, మొదటి రోజు చదివించిన వాక్యాలనే మళ్లీ చదివించండి. యాప్ చూపే నక్షత్రాలకంటే మీ నోటు పుస్తకమే నమ్మదగిన కొలమానం.

7.8 జాగ్రత్తలు

ఉచ్చారణ: వినే సాఫ్ట్‌వేర్ ఒక రకమైన ఉచ్చారణకు అలవాటుపడి ఉండవచ్చు. "భాష"ను "బాష" అనీ, "ధనం"ను "దనం" అనీ పలికే పిల్లలు ఎక్కువ. శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస వేరువేరు. యాసను తప్పుగా లెక్కించే యంత్రం ముందు పిల్లవాడు ఓడిపోకూడదు. సరిగా చదివి తన యాసలో పలికితే "బాగా చదివావు" అని మీరు చెప్పాలి.

ఇంటి భాష: గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకు, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకు తెలుగు మాటల అర్థమే ముందు కావాలి. గుణకార సూత్రాన్ని గుర్తుచేసుకోండి. వీరికి అక్షరాల ఆటకంటే ముందు తెలుగులో కబుర్లు, కథలు అవసరం.

డిస్‌లెక్సియా: వికలాంగుల హక్కుల చట్టం 2016 నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని వైకల్యాల్లో చేర్చింది. కొన్ని నెలలపాటు క్రమం తప్పకుండా సాయం చేసినా పురోగతి లేకపోతే నిపుణుల వద్దకు పంపాలి. యాప్‌లోని మార్కులు చూసి పిల్లలకు ఆ ముద్ర వేయడం తగదు.

ఫోను, సమాచారం: ఇంట్లో ఉన్న ఒక్క ఫోను సాధారణంగా తండ్రి వెంట పొలానికో, పనికో వెళ్తుంది. అది ఇంట్లో ఉండే వేళనుబట్టే పాఠం సమయం నిర్ణయించుకోవాలి. పిల్లల గొంతు, పేరు, వయస్సు సేకరించే యాప్‌ల విషయంలో జాగ్రత్త వహించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది.

7.9 సారాంశం

చదవడం అంటే రాతను శబ్దంగా మార్చుకోవడం, ఆ శబ్దాన్ని అర్థంగా మార్చుకోవడం. ఈ రెండింటి నడుమ ధారాళత ఉంటుంది. వెనుకబడిన పాఠకుడికి సాయం చేయాలంటే అతని తరగతిని కాక, ఆగిన మెట్టును చూడాలి. తెలుగులో ఆకారాలు ఎక్కువ. ఒత్తుల్లో కనిపించే వరస, పలికే వరస వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాన్ని అక్షరంగానే చూడగలగాలి. పునరావృత్తి, వెంటనే స్పందన, మెట్టుకు తగిన పాఠం, చాటు సాఫ్ట్‌వేర్ బలాలు. తప్పు వెనుక కారణాన్ని కనిపెట్టడం, యాసను గౌరవించడం, "రేపు కూడా రా" అని పిలవడం మనిషి చేసే పనులు. బీరంగూడ నుంచి ఢిల్లీ వరకు ఫలితం ఇచ్చిన చోటల్లా ఈ రెండూ కలిసే ఉన్నాయి. కాబట్టి ఏ యాప్ మంచిదని అడిగేవారికి ముందుగా మీరు వేయవలసిన ప్రశ్న: పక్కన కూర్చునేది ఎవరు?

7.10 కీలక పదాలు

అనుకూల సాఫ్ట్‌వేర్: అభ్యాసకుడి జవాబులను బట్టి పాఠం స్థాయిని మార్చుకునే సాఫ్ట్‌వేర్.
ధారాళత: తడబాటు లేకుండా, తగిన వేగంతో, భావానుగుణంగా చదవగలగడం.
పునఃపఠనం: ధారాళత కోసం ఒకే పాఠాన్ని పలుమార్లు చదవడం.
యూనికోడ్: ప్రపంచంలోని లిపులను కంప్యూటరులో భద్రపరచడానికి ఏర్పరచిన ఉమ్మడి సంకేత పద్ధతి.
నిర్దిష్ట అభ్యసన వైకల్యం: తెలివితేటల్లో లోపం లేకపోయినా చదవడం, రాయడం, లెక్కించడం వంటి నైపుణ్యాల్లో కలిగే నిరంతర ఇబ్బంది.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వరసల్లో జవాబులు రాయండి.
1. పఠన సాఫ్ట్‌వేర్ బలాలను, పరిమితులను తగిన ప్రయోగ ఫలితాలతో చర్చించండి.
2. తెలుగు లిపి స్వభావం పఠన సాఫ్ట్‌వేర్ రూపకల్పనకు విసిరే సవాళ్లను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వరసల్లో జవాబులు రాయండి.
1. బీరంగూడ ప్రయోగంలోని విశేషాలు తెలపండి.
2. వయోజన అభ్యాసకులకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు పాటించవలసిన అంశాలేమిటి?
3. ఒక ప్రకటనలోని శాతాన్ని మీరు ఎలా పరీక్షిస్తారు?

III. అభ్యాస కృత్యం
మీ ఇంట్లోనో, వీధిలోనో చదవడానికి ఇబ్బంది పడుతున్న ఒకరిని ఎంచుకొని, వారి అంగీకారంతో, పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారంతో, నాలుగు వారాలు 7.7లోని పద్ధతిని అనుసరించండి. మొదటి రోజు, చివరి రోజు చదివిన తీరును పోల్చి రెండు పుటల నివేదిక రాయండి. అందులో అభ్యాసకుడి పేరు రాయకండి.

7.12 జవాబులకు సూచనలు

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి – 1: అ) రెండు శక్తుల్లో ఏది లేకపోయినా అర్థం సున్న అవుతుంది కాబట్టి. ఆ) శ్రద్ధంతా అక్షరాలను గుర్తించడానికే ఖర్చవుతుంది కాబట్టి.

మీ అభ్యసనాన్ని సరిచూసుకోండి – 2: అ) శబ్దం వరసలో ఆరు సంకేతాలుగా, సంకేతాలను అక్షరాలుగా చూపితే బడిలో నేర్చుకున్న గుణింతంతో పొంతన ఉండదు. ఆ) భాష, లిపి స్వభావాన్ని, పెద్దవారి భాగస్వామ్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి.